అత్తగారు నింపిన గడి

కంటి ఆసుపత్రి రిజిస్ట్రేషన్ కౌంటరులో పదహారేళ్లుగా కూర్చున్న ఆమెని అందరూ కౌంటరక్క అనే పిలిచేవారు. డాక్టర్లు కూడా. రోజుకు రెండు వందల మంది పేరు, వయసు, ఏ కన్ను, ఏ గది అన్నీ కంప్యూటర్లో ఎక్కించి చీటీ చేతికిచ్చేది. తప్పు జరిగిందన్న మాట ఆ పదహారేళ్లలో ఎవరి నోటా రాలేదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. అవతలివాళ్లకు కూడా అప్పుడప్పుడూ తెలిసేలా చేసేది.

ఆసుపత్రిలో కంప్యూటర్లన్నీ చూసుకునే ఆయన్ని సిస్టమ్స్ సార్ అనేవారు. వచ్చిన మూడో నెలలో ఒక సర్క్యులర్ వేశాడు. ఇకమీదట అందరూ తను ఎంచిన కొత్త బ్రౌజరే వాడాలి, మిగతావన్నీ తీసేస్తున్నాం అని.

అప్పటిదాకా ఎవరికి నచ్చింది వాళ్లు వాడుకునేవారు. కౌంటరక్క వాడే పాతదానికి ఆమె పెట్టుకున్న పేరు ముసలాయన. పేజీ తెరవడానికి నాలుగు గుక్కల టీ తాగేంత సేపు తీసుకునేవాడు, కానీ మనం రాసింది మనం రాసినట్టే ఉంచేవాడు. పక్కనే మందుల కౌంటరులో పనిచేసే ఫార్మసీ చెల్లి వాడేదాని పేరు చుట్టం. వచ్చి కూర్చుందంటే మెషీన్లో ఉన్న చోటంతా దానికే కావాలి, లెమ్మన్నా లేవదు. సార్ తెచ్చిన కొత్తదానికి మొదటి రోజే ఇద్దరూ కలిసి అత్తగారు అని పేరు పెట్టేశారు. మనం నోరు తెరిచేలోపే మన జవాబు అదే చెప్పేస్తుంది. పేరులో రెండక్షరాలు కొట్టేసరికి ఇదివరకు రాసిన పేర్లన్నీ వరసగా చూపించి, ఒకటి నొక్కితే మిగతా గడులన్నీ తనే నింపేస్తుంది.

"నాకు ముసలాయనే చాలు సార్," అంది కౌంటరక్క.

"మీకు చాలు. ఆసుపత్రికి చాలదు," అన్నాడు సార్, ఆమె వైపు చూడకుండానే ముసలాయన్ని తీసేస్తూ.

ఆరు వారాలు గడిచాయి. ఒక సోమవారం పొద్దున లారీ డ్రైవరు ఒకాయన కుడి కంటికి ఆపరేషన్ అని వచ్చాడు. కౌంటరక్క పేజీలో పైనున్న గడిలో 'కుడి' అని నొక్కింది. కిందికి జరిగి పేరు నింపింది, చీటీ ఇచ్చింది. చీటీలో పేరు, గది మాత్రమే ఉంటాయి. ఏ కన్ను అన్నది నేరుగా లోపలి జాబితాకు వెళ్తుంది. ఆ జాబితాలో 'ఎడమ' అని వెళ్లింది. నర్సు ఎడమ కంట్లో చుక్కలు వేసింది, ఎడమ కనుబొమ్మ మీద గుర్తు పెట్టింది. బల్ల మీద పడుకోబెట్టాక పెద్ద డాక్టరు కంట్లోకి చూసి, ఈ కంటికి ఏ జబ్బూ లేదే అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అంత దగ్గరికి వెళ్లింది వ్యవహారం.

సాయంత్రం సూపరింటెండెంట్ మేడమ్ గదిలో విచారణ జరిగింది. కౌంటరక్క తను కుడి అనే నొక్కానంది. సిస్టమ్స్ సార్ ఒక కాగితం తెచ్చాడు. అందులో ఆమె లాగిన్, టైము, ఎడమ అన్న మాట, మూడూ ఉన్నాయి.

"నేను నొక్కలేదు సార్. ఆ బ్రౌజరే ఏదో చేసుంటుంది. అన్నింట్లోనూ వేలు పెడుతుంది అది."

"మేడమ్, కంప్యూటర్ అబద్ధం చెప్పదు," అన్నాడు ఆయన. "చెబితే గిబితే మనిషే చెప్పాలి. వయసు మీద పడ్డవాళ్లకి కొత్తవి చేతకాకపోవడం సహజమే. దానికి బ్రౌజర్ని తిడితే ఎలా?"

ఆమెకి నలభై ఏడేళ్లు. మేడమ్ కాగితం చూసి మెమో మీద సంతకం పెట్టింది. ఆపరేటర్ పొరపాటు. కౌంటరు నుంచి తప్పించి కింది అంతస్తులో పాత రికార్డుల గదికి మార్పు. బయటికి వచ్చేసరికి నల్లకళ్లద్దాలు పెట్టుకుని బెంచీ మీద కూర్చున్న డ్రైవరు, తన తమ్ముడికి ఆమెను వేలు పెట్టి చూపించాడు. "ఈవిడే," అన్నాడు, అంతే. ఆ ఒక్క మాటతో ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికెళ్లి జరిగింది చెప్పుకుంది. భర్త గడియారాలు బాగుచేసే మనిషి. భూతద్దం కంటికి బిగించుకుని సంగతంతా విన్నాడు.

"పోనిద్దూ. కింద ప్రశాంతంగా ఉంటుంది."

"నాకు ప్రశాంతత వద్దు. ఆయన మొహం మాడిపోవాలి," అంది.

రికార్డుల గదిలో కిటికీ లేదు. పాత కేసు కాగితాలు ఒక్కొక్కటే స్కాన్ చేయడం పని. మూలన ఉన్న కంప్యూటర్ని సిస్టమ్స్ సార్ పట్టించుకోలేదు. అందులో ముసలాయన ఉన్నాడు, చుట్టం ఉంది, ఎవరో ఎప్పుడో పెట్టి మరిచిపోయిన మరో రెండు బ్రౌజర్లున్నాయి. అత్తగారిని ఆమే తెచ్చి పెట్టుకుంది. కొత్తగా చేరినవాళ్లు నేర్చుకోవడానికి రిజిస్ట్రేషన్ పేజీకి అచ్చం అలాంటిదే ఒక నమూనా పేజీ ఉండేది. మధ్యాహ్నం భోజనం పది నిమిషాల్లో ముగించి దాని ముందు కూర్చునేది. రాసేది, చెరిపేది, మళ్లీ రాసేది. ఒక్కొక్కటీ నోటుబుక్కులో ఎక్కించేది.

తొమ్మిదో రోజున దొరికింది.

పైన 'కుడి' నొక్కి, కిందికి జరిగి, పేరు చేత్తో పూర్తిగా కొడితే ఏమీ కాదు. పేరు అత్తగారు చూపించిన వరసలోంచి ఎంచుకుంటే మాత్రం, అదే పేరుతో ఇదివరకు వచ్చిన మనిషి వివరాలన్నీ వచ్చి పడతాయి. పైనున్న కన్ను గడితో సహా. అప్పటికి ఆ గడి తెర దాటి పైకి వెళ్లిపోయి ఉంటుంది, కంటికి కనిపించదు. పాత జాబితా తీసి చూస్తే, డ్రైవరు పేరే ఉన్న ఇంకొకాయన అంతకు ముందు వారం ఎడమ కంటికి వచ్చి వెళ్లాడు. మిగతా నాలుగు బ్రౌజర్లలో ఎన్నిసార్లు చేసినా ఇలా జరగలేదు. అత్తగారిలో అరవైకి అరవై సార్లూ జరిగింది.

ఆమె నోటుబుక్కు మూసి, ఆ చీకటి గదిలో ఒక్కతే కూర్చుని నవ్వుకుంది. ఆ నవ్వు మంచిది కాదని ఆమెకే తెలిసింది.

"రేపే మేడమ్‌కి చూపించెయ్," అన్నాడు భర్త.

"చూపిస్తే ఏమవుతుంది? ఆయన్ని పిలుస్తుంది. ఆయన పదినిమిషాల్లో ఎక్కడో ఒకటి నొక్కి సరిచేసి, నేనే కనిపెట్టానంటాడు. వచ్చే నెల వేరే ఆసుపత్రుల డాక్టర్లు ముగ్గురు మన పద్ధతి చూడ్డానికి వస్తున్నారు. పెద్ద హాల్లో, పెద్ద తెర మీద ఆయనే చేసి చూపిస్తాడట. అక్కడ ఆయన వేలితో ఆయనే నొక్కాలి."

"ఈలోపు ఇంకెవరికైనా జరిగితే?"

ఆమె లేచి కంచాలు సర్దింది. ఆయన గడియారంలోకి తల దించుకున్నాడు.

జరిగింది. ఆమె కుర్చీలో ఇప్పుడు ఫార్మసీ చెల్లిని కూర్చోబెట్టారు. మూడో వారంలో ఒక బడి పంతులమ్మ పేరు పక్కన కన్ను మారిపోయింది. ఈసారి నర్సే అడిగి పట్టుకుంది కాబట్టి చుక్కల దాకా కూడా వెళ్లలేదు. కానీ మెమో మాత్రం వచ్చింది. ఆపరేటర్ పొరపాటు. ఫార్మసీ చెల్లి కిందికొచ్చి, దుమ్ము పట్టిన ఫైళ్ల మధ్య నిలబడి ఏడ్చింది.

"నేను సరిగ్గానే నొక్కానక్కా. నాకు పిచ్చెక్కుతోందేమో."

కౌంటరక్క ఆమె వీపు నిమిరింది. సొరుగులో నోటుబుక్కు ఉంది. ఒక్క మాట చెబితే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. చెబితే ఈ పిల్ల కడుపులో దాచుకోలేదు, సాయంత్రానికల్లా సార్ చెవిన పడుతుంది. ఇంకా పదకొండు రోజులుంది.

"పేరు చేత్తోనే పూర్తిగా కొట్టు. వరసలోంచి తీసుకోకు," అని మాత్రం అంది.

"ఎందుకక్కా?"

"చెప్పింది చెయ్యి."

డాక్టర్లు వచ్చే ముందు రోజు పాత ఫైళ్లు కొన్ని నమూనాగా హాల్లో పెట్టమన్నారు. ఆమె రెండు దొంతర్లు మోసుకెళ్లి బల్ల మీద సర్దింది. హాల్లో ఎవరూ లేరు. అక్కడి కంప్యూటర్లో అత్తగారిని తెరిచి, నమూనా పేజీలో తన పేరే రాసి, కుడి కన్ను అని నొక్కి పంపింది. పక్కనున్న ప్రింటరులో కాగితాలు ఉన్నాయో లేవో కూడా చూసుకుంది.

మర్నాడు పదింటికి హాలు నిండింది. ముందు వరసలో ముగ్గురు డాక్టర్లు, మేడమ్. వెనక సిబ్బంది. సిస్టమ్స్ సార్ ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకొచ్చి అరగంట మాట్లాడాడు. ఒకే ఆసుపత్రి, ఒకే బ్రౌజర్ అన్నాడు. నలుగురు నాలుగు వాడితే తప్పులు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా తెలియదన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన చూపు ఒకసారి వెనక వరసల మీదికి వెళ్లొచ్చింది.

"ఇప్పుడు ఈ నమూనా పేజీలో ఒక రోగిని ఎక్కించి చూపిస్తాను. ఎవరి పేరు రాద్దాం?"

"నాది రాయండి సార్," అంది కౌంటరక్క లేచి. "ఎడమ కన్ను."

ఆయన నవ్వాడు. పాత గొడవ మనసులో పెట్టుకోలేదని నలుగురికీ చూపించుకునే అవకాశం దొరికిందనుకున్నాడేమో, "రండక్కా, ముందుకు రండి," అన్నాడు.

'ఎడమ' నొక్కాడు. పెద్ద తెర మీద అందరూ చూశారు. కిందికి జరిగాడు. "చూడండి, పేరులో రెండక్షరాలు చాలు," అంటూ వరసలోంచి ఆమె పేరు ఎంచుకున్నాడు. గడులన్నీ నిండిపోయాయి. వచ్చిన డాక్టర్లలో ఒకాయన బాగుందన్నట్టు తలూపాడు. సార్ పంపాడు.

"లోపలి జాబితా కూడా అచ్చు వేసి చూపించండి సార్," అంది ఆమె. "డాక్టరుగారి చేతికి వెళ్లేది అదే గదా."

ప్రింటరు నుంచి కాగితం వచ్చింది. ముందు వరసలో తలూపిన డాక్టరే దాన్ని తీసుకుని చదివాడు. "కుడి కన్ను," అన్నాడు. చదివాక తలెత్తాడు.



"చెయ్యి జారినట్టుంది," అన్నాడు సార్.

"మళ్లీ చెయ్యండి," అంది ఆమె.

మళ్లీ చేశాడు. ఎడమ అని నొక్కి, ఎడమే కదా అని పైకి అన్నాడు కూడా. కాగితం మీద కుడి వచ్చింది. మూడోసారీ చేశాడు. మూడో కాగితాన్ని ఆయనే లాక్కుని చూసుకున్నాడు. చెవుల దాకా ఎర్రబడిపోయాడు.

"ఇది... బ్రౌజర్ ఏదో..." అని నీళ్లు నమిలాడు.

"కంప్యూటర్ అబద్ధం చెప్పదన్నారు గదా సార్," అంది కౌంటరక్క. గొంతు పెంచలేదు. నెల రోజులుగా ఆ వాక్యాన్ని స్నానం చేసేటప్పుడు, బస్సులో, అన్నం కలుపుకుంటూ మనసులో అనుకుంటూనే ఉంది. "వయసు మీద పడితే కొత్తవి చేతకాకపోవడం సహజమే."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె ఆయన మొహాన్ని తీరిగ్గా, కడుపు నిండేదాకా చూసింది. తర్వాత నోటుబుక్కు తెచ్చి మేడమ్ ముందు పెట్టింది.

మేడమ్ పేజీలు తిప్పి, అరవైసార్ల లెక్క రాసిన పేజీలో తేదీ దగ్గర ఆగింది. "ఇది మీకు దొరికి నెల దాటింది."

"అవును మేడమ్."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే వినేవారా?"

"వినేదాన్నో కాదో. మీరు చెప్పి చూడలేదు గదా."



ఆ వారంలోనే రెండు మెమోలూ రద్దయ్యాయి. సిస్టమ్స్ సార్‌ని మరో విభాగానికి మార్చేదాకా రికార్డుల గదిలో స్కానింగ్ చూసుకోమన్నారు. తాళంచెవి అప్పగించే పని కౌంటరక్కదే. ఆయన చెయ్యి చాపితే చేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టి, "కిటికీ లేదు సార్, అలవాటవుతుంది," అని మెట్లెక్కింది. ఇన్నేళ్లలో అంత హాయిగా ఎప్పుడూ మెట్లెక్కలేదు.

ఏ బ్రౌజర్ వాడదామో మీరే చెప్పండని మేడమ్ అడిగింది. ముసలాయన్ని అడిగింది ఆమె. మెల్లగా ఉంటుంది మేడమ్, కానీ రాసింది రాసినట్టు ఉంచుతుంది అంది. ఇష్టమైనవాళ్లు చుట్టాన్ని వాడుకోవచ్చు. అత్తగారిని అన్ని మెషీన్లలోంచీ తీసేశారు.

ఫార్మసీ చెల్లి మళ్లీ మందుల కౌంటరుకి వెళ్లింది. రెండు కౌంటర్ల మధ్య ఒక అద్దమే అడ్డు. వారం రోజులు ఆ అద్దంలోంచి చీటీలు అటూ ఇటూ మారాయి తప్ప ఒక్క మాట రాలేదు. పలకరిస్తే వినపడనట్టు మందుల డబ్బాలు సర్దుకునేది. ఎనిమిదో రోజు భోజనాల వేళ కౌంటరక్క తన డబ్బా పట్టుకుని వెళ్లి ఆమె ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు నువ్వు ఏడుస్తుంటే చెప్పకుండా ఊరుకోవడం నాదే తప్పు. నీకు మెమో వచ్చిన రోజే మేడమ్ దగ్గరికి వెళ్లాల్సింది."

"మెమో సంగతి కాదక్కా."

"మరి?"

ఫార్మసీ చెల్లి డబ్బా మూత పెట్టేసింది. "నన్నూ అన్నాడు గదా ఆయన, నీలాంటివాళ్లకి కంప్యూటర్ ఇవ్వడమే తప్పని. ఆ రోజు హాల్లోకి నన్ను రానివ్వలేదు, కౌంటరు చూసుకోమన్నారు. ముందే ఒక్క మాట చెప్పుంటే సెలవు పెట్టయినా వచ్చి వెనక నిలబడేదాన్ని. ఆ మొహం నువ్వొక్కదానివే చూసుకున్నావు."

అని లేచి, చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లింది. కౌంటరక్క చేతిలో ముద్ద డబ్బాలో వదిలేసింది. ఆమె కూడా లేచి వెళ్లి కుళాయి దగ్గర పక్కన నిలబడి, మొదటి కాగితం వచ్చినప్పుడు ఆయన ఏం చేశాడో, అక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పసాగింది.