ఉప్పెక్కిన బావి తారీకులు

నేను ఒక ఫైలును. అట్టా తాడూ ఉండే రకం కాదు. కంప్యూటర్లో ఉంటాను, నా నిండా అంకెలే. గుల్లలదిబ్బ అనే సముద్రపొడ్డు ఊళ్లో మంచినీళ్ల బావిలో ఉప్పెంతుందో ఆరేళ్లపాటు వారం వారం కొలిచారు. ఆ కొలతలు నావి. ల్యాబ్ అసిస్టెంటు ఏసుపాదం సైకిలు మీద వెళ్లి సీసాలో నీళ్లు పట్టుకొచ్చేవాడు. ఆఫీసరు ఆ అంకెల్ని అప్పటి సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి నన్ను తయారు చేశాడు. తర్వాత ఆయనకు బదిలీ అయింది, సాఫ్ట్‌వేర్ మూలపడింది. పన్నెండేళ్లు నన్ను పలకరించిన దిక్కు లేదు. ఇన్ని అంకెలు కడుపులో పెట్టుకుని ఊరుకోవడం ఎంత కష్టమో మీకేం తెలుసు?

మొన్న హిమజ అనే పరిశోధకురాలు నన్ను వెతికి పట్టుకుంది. తాతారావు అనే రైతు రొయ్యల చెరువు తవ్వాకే బావి చెడిందని ఊరంతా ఇన్నేళ్లూ అతన్ని ఆడిపోసుకుంటోంది. ఇప్పుడు చెరువు పూడ్చేయాలని పట్టుబట్టింది. పంచాయతీ వారు ఏ సంగతో తేల్చమని హిమజను అడిగారు.

ఆమె దగ్గర నా పాత సాఫ్ట్‌వేర్ లేదు. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో నాలుగు వరుసలు రాసి నన్ను తెరిచింది. పరాయి భాషలోనూ నా అంకె ఒక్కటి చెదరలేదు. గర్వపడ్డాను కూడా. గ్రాఫు వచ్చింది: చెరువు తవ్విన నాలుగు నెలలకు బావిలో ఉప్పు పెరిగింది. ఇక తాతారావు పని అయిపోయినట్టే.

ఎందుకైనా మంచిదని హిమజ రిటైరైన ఏసుపాదాన్ని పిలిచి గ్రాఫు చూపించింది. ఆయన వేలు ఒకచోట ఆగిపోయింది.

“ఇదేంటమ్మా, తుఫానొచ్చిన నెల్లో కూడా నీళ్లు పట్టినట్టుంది? అప్పుడు మూడు వారాలు రోడ్డే లేదు. నేనెలా ఎళ్లానంటావు?”

“ఆ మూడు వారాల ఖాళీ తర్వాతి ఏడాదిలో కనిపిస్తోందండీ.”

“ఆ ఏడు ఒక్క వారం కూడా మానలేదమ్మా.”

హిమజ తాను రాసిన వరుసల్ని మళ్లీ చదివింది, తప్పు దొరికింది. నాలో తారీకులు ఉండవు, ఒక మొదటి రోజు నుంచి ఎన్నో రోజన్న లెక్క ఉంటుంది. నన్ను రాసిన సాఫ్ట్‌వేర్ ఆ లెక్కను పైథాన్ కన్నా ఒక లీపు ఏడాది ముందు నుంచి మొదలుపెడుతుంది. ఆ తేడా తీసేయకపోవడంతో నా కొలతలన్నీ మూడువందల అరవై ఆరు రోజులు ఆలస్యంగా కనిపించాయి. తప్పు నాది కాదు, అయినా సిగ్గేసింది. కాలాన్ని ఎక్కడినుంచి లెక్కపెట్టాలో మనుషులు తమలో తాము తేల్చుకోరు. నింద మాత్రం ఎవరో ఒకరి మీద వేసేస్తారు.

సరిదిద్దిన గ్రాఫును హిమజ పంచాయతీ గదిలో చూపించి, బావి ఉప్పెక్కిన తారీకు చదివింది. చెరువు తవ్వడానికి ఎనిమిది నెలల ముందే బావి ఉప్పెక్కింది. వెనక నిలబడ్డ తాతారావు ముందుకొచ్చాడు.

“నేనే చేశాననుకున్నానమ్మా. ఇన్నేళ్లూ ఆ బావి కాడికే ఎళ్లలేదు.” తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. “ఆ తారీకు ఇంకోసారి సదువమ్మా. మా ఆవిడ లోపలికి రాలేక బయట నిలబడింది. దానిక్కూడా ఇనపడాల.”

హిమజ గొంతు పెంచి చదివింది.