మగపురుగులు పుట్టిన పెట్టె

లోపం తన చేతుల్లోనే ఉందా అన్న అనుమానం పన్నెండేళ్లుగా ఆమెను తొలుస్తూనే ఉంది.

మొక్కల రసం పీల్చే పేనుబంకను తినే అక్షింతల పురుగులను పెంచి తోటలకు పంపే కేంద్రంలో ఆమెది గుడ్ల గది పని. అందుకే అందరికీ గుడ్లమ్మ అయింది. ఏ విడత చూసినా బోలెడన్ని గుడ్లు పిల్లలవకుండానే ఎండిపోయేవి. "తడిచేత్తో ముట్టుకుంటావు, ఇంకేమవుతాయి?" అని పెద్దసారు మొదటి ఏడే అందరి ముందూ అనేశాడు. ఇప్పుడైతే ఏకంగా గది వదిలి గాజుసామాను కడగడానికి పొమ్మన్నాడు.

గుడ్లమ్మ దేవుడికి దండం పెట్టుకుని, రెండు నెలల గడువు అడిగింది.

అక్కడ అన్ని తల్లిపురుగుల గుడ్లనూ ఒకే పళ్లెంలో కలిపేయడం అలవాటు. ఆమె మాత్రం తల్లికో పెట్టె పెట్టింది. గుట్టు అక్కడే బయటపడింది. మిగతా పెట్టెలన్నీ నిక్షేపంగా ఉన్నాయి. మూడు తల్లుల గుడ్లు మాత్రం సగమే పిల్లలయ్యాయి. అవి పెరిగాక భూతద్దం కింద చూస్తే, అన్నీ ఆడవే!

చేతి తడి ఆడా మగా చూసి చంపుతుందా?

పశువుల ఆసుపత్రిలో మందులిచ్చే మరిదిని అడిగింది.

"తల్లి నుంచి గుడ్డులోకి దిగే సూక్ష్మజీవులుంటాయి వదినా. వాటిని తర్వాతి తరానికి మోసేది ఆడవే. మగదానితో వాటికేం పని? గుడ్డులోనే చంపేస్తాయి."

"మగాడంటే అంత అలుసా?"

"మీ తోటికోడలి దగ్గర నా బతుకు చూడట్లేదా?"

దేవుడు అలాంటి జీవిని ఎందుకు చేశాడో ఆమెకు అంతుబట్టలేదు. అడగడం తప్పు కాదనుకుని ఆ దేవుణ్నే అడిగింది. జవాబు కోసం ఆగకుండా పనిలో పడింది.

ఆ ఆడపురుగుల్లో సగానికి మరిది ఇచ్చిన, సూక్ష్మజీవులను చంపే మందు కలిపిన తేనెనీళ్లు, సగానికి ఉత్త తేనెనీళ్లు పెట్టింది. వేరే పెట్టెల మగపురుగులతో జత కట్టించింది.

ఉత్త తేనెనీళ్ల పెట్టెలో మళ్లీ సగం గుడ్లే పిల్లలయ్యాయి. మందు పెట్టెలో నలభై గుడ్లకు ముప్పై ఏడు! అవి పెరిగేదాకా ఆమెకు కంటిమీద కునుకు లేదు.

"రండి సార్, మగమహారాజులు వేంచేశారు! పద్దెనిమిది మంది!"

పెద్దసారు భూతద్దం మీదికి వంగి ఒక్కొక్కదాన్నీ చూశాడు. తల ఎత్తి, పక్క గదుల వాళ్లందరినీ పిలిపించాడు.

"మీ అందరి ముందే ఈమెను తప్పుపట్టాను. తప్పు ఈమె చేతిది కాదు, నాది. ఇన్నేళ్లుగా మీకు క్షమాపణ బాకీ ఉన్నానమ్మా. గుడ్ల గది మీదే."

"తీరింది లెండి," అంది గుడ్లమ్మ, ముఖమంతా వెలిగిపోతుండగా. "కాస్త పక్కకు జరగండి సార్, వాటికి మేత వేసే వేళయింది."