కాకర రసం, కొనే కాటా

నిద్ర లేస్తూనే కాకరకాయ మొహం చూడాల్సిన బతుకు పగవాడికి కూడా వద్దు. నాలుగు కాకర ముక్కలు, అరచేయంత కలబంద మట్ట, కాస్త అల్లం మిక్సీలో వేసి తిప్పితే పచ్చగా, జిగటగా, చీమిడిలా సాగే పదార్థం ఒకటి తయారవుతుంది. దాన్ని రసం అనడం రసానికే అవమానం. ముక్కు మూసుకుని గటగటా మింగి, పైకి తన్నుకొచ్చేదాన్ని చేత్తో నోరు నొక్కి మళ్ళీ లోపలికి తోసేదాన్ని. మూడు నెలలు ఇదే నా సుప్రభాతం. నా పేరు హేమలత. మా ఆయన ఆదినారాయణ జమ్మలమడుగులో శనగల వ్యాపారి.

నాకేం పోయేకాలమని తాగానంటే, బొడ్డు దగ్గర పేగు జారింది. దగ్గితే నిమ్మకాయంత ఉబ్బు బయటికి వస్తుంది, దాన్ని చేత్తో లోపలికి నొక్కుకోవాలి. తుమ్మాలంటే భయం, వంగి ముగ్గు వేయాలంటే భయం. ప్రొద్దుటూరు డాక్టరు ఆపరేషన్ చేయాలన్నాడు. కానీ ఆస్పత్రి కాటా మీద నేను తొంభై రెండు కేజీలు. ఇంత బరువుంటే కుట్లు నిలవవట.

"ఎనభై ఐదుకు దిగి రామ్మా, ఆరోజే చేర్చుకుంటాను. ఈలోపల పేగు మెలిపడితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది" అన్నాడు.

ఆ తొంభై రెండు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. ఆడదాని వయసు, మగవాడి సంపాదన అడగకూడదంటారు. నన్ను అడిగితే వయసైనా చెప్తాను గానీ బరువు చచ్చినా చెప్పను.

పొద్దున్నే ఏం తాగాలని ఆ డాక్టరునే అడిగాను. రాగి అంబలిలో మజ్జిగ పోసుకుని తాగమన్నాడు. మిగతా తిండి తగ్గించి, సాయంత్రం నడవమన్నాడు. ఇంతదూరం బస్సెక్కి ఫీజు కట్టి వస్తే అంబలి తాగమంటాడా అని నాకు ఒళ్ళు మండింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా? నడక మొదలుపెట్టాను గానీ అంబలి మాత్రం తాగలేదు. పులివెందులలో ఉన్న మా చెల్లెలు సుకన్య మాట పట్టుకున్నాను. దానికి చేతిలో ఫోనే పెద్ద డాక్టరు.

మొదట గ్రీన్ టీ తాగించింది. గడ్డివామిని కడిగిన నీళ్ళు అట్లాగే ఉంటాయి కాబోలు. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో ఆపిల్ వెనిగర్. చంటిపిల్ల కక్కిన పాల వాసన వచ్చింది. ఆ తర్వాత రాత్రంతా నానబెట్టిన చియా గింజలు. గ్లాసు నిండా కప్పగుడ్లు తేలుతున్నట్టు ఉంటే, కళ్ళు మూసుకుని మింగాను. ఒక్కొక్కటీ గొంతులో జారడం తెలుస్తూనే ఉంది. బరువు తగ్గించే పొడి డబ్బా ఒకటి కూడా తెప్పించాను. గోడకు కొట్టే సున్నంలో చక్కెర కలిపి వెనీలా అని పేరు పెట్టారు. అన్నీ నాలుగు రోజులు తాగి సింకులో పారబోశాను. ఆఖరికి తేలింది ఈ కాకర, కలబంద.

"అక్కా, ఎంత అసయ్యంగా ఉంటే అంత బాగా పనిచేస్తాదంట. నెల దినాలు తాగు, అంతవరకు బరువు సూసుకోవద్దు" అంది సుకన్య ఫోన్లో.

"ఇది తాగినంక బరువు కాదే, బతకల్లనే ఆశే తగ్గిపోతాంది" అన్నాను.

నెల తిరిగింది. మా ఇంటి ముందు భాగమే గోదాము. రైతులు తెచ్చే శనగ బస్తాలను తూచే పెద్ద ఎలక్ట్రానిక్ కాటా అక్కడే ఉంటుంది. హమాలీలు రాకముందే తలుపు వేసుకుని దాని మీద ఎక్కాను. ఎర్ర అంకెలు ఎనభై ఏడు దగ్గర ఆగాయి. దిగి మళ్ళీ ఎక్కినా ఎనభై ఏడే. ఒక్క నెలలో ఐదు కేజీలు.

ఆరోజు ఆ రసానికి దండం పెట్టినంత పని చేశాను. చీదర పోలేదు గానీ నమ్మకం కుదిరింది. రసమే కొవ్వు కరిగిస్తుంటే మధ్యలో కాళ్ళు అరగదీసుకోవడం దేనికని సాయంత్రం నడక మానేశాను. రసం దెబ్బకు మధ్యాహ్నం దాకా అన్నం సయించేది కాదు. అది కూడా మందు గొప్పతనమే అనుకున్నాను.

శనగలు వచ్చే కాలం అది. పెద్దముడియం నుంచి గురవమ్మ బస్తాలు తెచ్చింది. మొగుడు పోయాక ఒంటిచేత్తో సేద్యం చేస్తున్న మనిషి. మా మామగారి కాలం నుంచి మా దగ్గరే అమ్ముతుంది. వచ్చినప్పుడల్లా ఇంట్లోకి వచ్చి నన్ను పలకరించి గానీ పోదు.

"ఏందమ్మా హేమమ్మా, శానా చిక్కిపోయినావు. మొకంలో కళే ల్యాకపాయ" అంది.

నాకు లోపల ఒకటే సంబరం. "అంత చిక్కినానా గురవమ్మా?" అని ఇంకోసారి అడిగి మరీ చెప్పించుకున్నాను.

"మా శనగలూ అంతేలేమ్మా. ఇంటికాడ నిండుగా ఉంటాయి, ఈడికొచ్చేతలికి తగ్గుతాయి. ఎండకు తరుగుతాయేమో" అని నవ్వింది. నేనూ నవ్వాను.

కాటా మీద ఎనభై నాలుగు చూపించిన రోజు, బట్టల సంచి సర్దుకుని ప్రొద్దుటూరుకు బయల్దేరాను. ఆపరేషన్ అయిపోతే తనివితీరా తుమ్మవచ్చు అనుకున్నాను. ఆస్పత్రిలో నర్సు బరువు చూసి ఎనభై ఎనిమిది అంది. మీ కాటా చెడిపోయిందన్నాను. ఇంకోటి తెచ్చింది. దాని మీద కూడా ఎనభై ఎనిమిదే.

నేను తాగుతున్నదేమిటో విని డాక్టరు మొహం చిట్లించాడు. "ఆ నాలుగు కేజీలు తగ్గింది రసంతో కాదమ్మా, దానికి జడిసి మీరు అన్నం మానేసినందుకు. ఉబ్బు పెద్దదయింది. ఇంకా మూడు కేజీలు తగ్గి రండి" అన్నాడు.

బట్టల సంచి ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెనక్కి వచ్చాను. దారి పొడుగునా ఆస్పత్రి వాళ్ళనే తిట్టుకున్నాను. మా కాటా మీద అనుమానమే రాలేదు. పుట్టింట్లోనూ మెట్టినింట్లోనూ కాటా పెట్టిన అన్నం తిన్నదాన్ని. ఆయుధపూజ రోజు ఇంట్లో మొదటి పసుపు కుంకుమ దానికే పెడతాం.

తప్పు ఆస్పత్రిదేనని రుజువు చేద్దామని, కుట్టు విప్పని ఇరవై ఐదు కేజీల బియ్యం సంచిని హమాలీ చేత మా కాటా మీద పెట్టించాను. అంకె ఇరవై నాలుగు కూడా దాటలేదు. బియ్యం అంగడివాణ్ణి తిట్టబోయి ఆగాను. దాని మీద నా ఒళ్ళు తక్కువ, బియ్యం తక్కువ. మరి దాని మీదికెక్కిన శనగలన్నీ?

మా ఆయన భోజనానికి కూర్చున్నాక అడిగాను. "బయటి కాటా తక్కువ చూపిస్తాందండీ."

ఆయన తలెత్తలేదు. "ఎవరు చెప్పిరి?"

"నా ఒళ్ళే చెప్పింది. రెండు నెలల నుంచి దాని మీదనే ఎక్కి సూసుకుంటాండా."

ఆయనకు పొలమారింది. నీళ్ళు తాగి, "దాని మీద నిన్నెవరు ఎక్కమన్న్యారు? అది కొనే కాటా. బరువు సూసుకోవల్లంటే లోపల అమ్మే కాటా ఉంది గదా" అన్నాడు.

"అదన్నా సరిగ్గా చూపిస్తాదా?"

ఆయన కంచం దగ్గరికి లాక్కుని, "తరుగు, హేమా" అన్నాడు. "శనగల్లో దుమ్ముంటాది, తేమ ఉంటాది. బస్తాకింత తరుగని అందరూ తీస్తారు. నోటితో అడిగితే రైతు జగడానికొస్తాడు. అందుకే కాటాలోనే పెట్టించినా. జగడమే ఉండదు."

"నా ఒంట్లో ఏం దుమ్ముందని తీస్తిరి?"

"నీకు తీయల్లని పెట్టినానా? నువ్వే పోయి ఎక్కితివి."

సంగటి ముద్దలో వేలితో గుంత చేసి, నెయ్యి పోసుకుంటూ చెప్పాడు ఆ మాట. పేగు ఎప్పుడు మెలిపడుతుందోనని నేను చస్తుంటే ఆయనకు జగడం లేకపోవడమే ముఖ్యం. నాకు కడుపులో ఉన్నదంతా గొంతులోకి వచ్చింది. కాకర రసానికి కూడా ఆ మాదిరి రాలేదు. ఆయన ఎదుట కూర్చోలేక లేచిపోయాను.

మరునాడు పొద్దున్నే గురవమ్మ మిగిలిన బస్తాలు ఆటోలో వేసుకుని వచ్చింది. ఆమె వెనకాల ఇంకో ఇద్దరు రైతులు నిలబడి ఉన్నారు. ఒక బస్తా కాటా ఎక్కింది, మా ఆయన అంకె చదివాడు. రెండోది ఎక్కింది. ఉబ్బు మీద చెయ్యి పెట్టుకుని నేను గడప దాటి పోయాను. హమాలీ చేత ఆ బస్తా దింపించి, నేను ఎక్కి నిలబడ్డాను.

"ఏంది హేమా ఇది, దిగు. అందరూ సూస్తాండారు" అన్నాడు మా ఆయన.

నేను ఆయన వైపు చూడలేదు. "గురవమ్మా, ఎంత చూపిస్తాందో చదువు."

"ఎనభై నాలుగు."

"నిన్న ప్రొద్దుటూరు ఆస్పత్రిలో నేను ఎనభై ఎనిమిది. పొద్దు తెల్లారేతలికి నాలుక్కేజీలు యాడికి పోతాయి? నీ శనగలు యాడికి పోతాండాయో ఆడికే పోయినాయి. అది ఎండ కాదు, ఈ కాటా."

హమాలీ ఒకడు నవ్వబోయి ఆపుకున్నాడు. నా బరువు గోదామంతా విన్నది. చెవులు కాలిపోతున్నా నేను దిగలేదు. మా ఆయన పోయి స్విచ్చు ఆపేశాడు. అంకెలు ఆరిపోయాయి గానీ చూడాల్సినవాళ్ళు అప్పటికే చూశారు.

గురవమ్మ నాకు దండం పెడుతుందనుకున్నాను. దానికి తగ్గట్టుగానే నిలబడ్డాను కూడా. ఆమె మా ఆయన వైపు చూడలేదు. నన్నే చూసింది. మెడలో గొలుసులు, చేతులకు బిగుసుకుపోయిన గాజులు, చీర మీదికి పొర్లిన నడుము, పొట్ట, అన్నీ నిదానంగా చూసింది.

"ఎన్నేండ్ల నుంచి, హేమమ్మా?" అంది.

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన గోడ వైపు తిరిగాడు. గురవమ్మ ఇంకా నా ఒంటి వైపే చూస్తోంది. ఈ ఇంటికి కోడలుగా వచ్చిన రోజు నేను పుల్లలా ఉండేదాన్ని. ఆ తర్వాత పెరిగిందంతా ఈ కాటా పెట్టిన తిండే. నా ఒళ్ళు చూసుకుంటే నాకే ఓకరింత వచ్చింది.