కడ్డీ పట్టుకున్న చెయ్యి

మా అక్క బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ చేసేది. రోజూ పొద్దున్నే కిక్కిరిసిన లోకల్ రైల్లో నిలబడి వెళ్లేది. కిటికీ పక్కన కూర్చుని జనం బొమ్మలు గీసే ఒక పెద్దాయన గురించి ఇంటికొచ్చి ఒకటే గొప్పలు. "బొమ్మలాయన నన్ను మూడు కాలాల్లోనూ వేశాడే!" అనేది. ఫొటో అంటే మాత్రం ఆమడ దూరం పరిగెత్తేది.

ఓ రోజు ఆ పాడు తోపులాటలోనే తలుపు దగ్గర జారి పట్టాల మీద పడిపోయింది.

నెల తిరక్కుండా అదే రైలెక్కి ఆయన్ని పట్టుకున్నాను. అక్క పోయిందని చెప్పకుండా, తన చెల్లెల్నని మాత్రం చెప్పి, తన బొమ్మలు చూపించమన్నాను. ఎండాకాలం అక్క ముఖానికి చున్నీ, వానాకాలం రెయిన్‌కోటు టోపీ, చలికాలం శాలువా. ముఖం ఎక్కడా లేదు. పైకడ్డీ పట్టుకున్న చెయ్యి మాత్రం అన్నిట్లోనూ ఉంది, మైనంతో చేసినట్టు నున్నగా.

"బొటనవేలి కింద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ ఉండాలి కదండీ?"

"ఉందమ్మా. చూడ్డానికి బాగోదని వదిలేశాను. ఇప్పుడెంత అందంగా ఉందో చూడు," అన్నాడు మురిసిపోతూ.

నాకు ఒళ్లు మండిపోయింది.

"పోలీసులు గుడ్డ తీస్తే మొహం ఆనవాలే లేదండీ. ఆ మచ్చ చూసే మా అక్కని గుర్తుపట్టాను."