మబ్బులో ఆమె మాట

వీధివాళ్ళంతా కెప్టెన్ అని ఆటపట్టించే ఆ మనిషి నిజానికి బస్సు డ్రైవరు. రిటైరయ్యాక, కంప్యూటరులో విమానం నడిపే ఆట కోసం సామాన్ల గదిలో ప్లైవుడ్డుతో విమానం ముందు భాగం కట్టుకున్నాడు. ఎదురుగా మూడు తెరలు, వాటి కింద వరసగా డయళ్ళు, స్విచ్చులు, రేడియో నాబులు, కూర్చోవడానికి పాత బస్సు సీటు. ఆయన భార్య దర్జీ. ఆ సీటుకు కవరు కుట్టి ఇచ్చిందే గానీ గదిలో ఏనాడూ కాలు పెట్టలేదు. "ఈ వయసులో బొమ్మలాటలు" అని మూతి విరిచేది.

ఇప్పుడు ఆయన చూపు మందగించింది. డయళ్ళ మీద అంకెలు అలుక్కుపోతున్నాయి. ఇక చేయగలిగింది లేదని డాక్టరు చెప్పేశాడు. మొత్తం ఊడదీసి పట్టుకెళ్ళడానికి మర్నాడు ఒకాయన వస్తున్నాడు. మధ్యాహ్నం కెప్టెన్ కుట్టుమిషను దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఒక్కసారి ఆ కొండల మధ్య విమానాశ్రయంలో దిగి, ఇక ఆపేస్తానే. అంకెలు చదివి పెడతావా?"

కాదనడానికి ఆమెకు నోరు రాలేదు. మెడలో టేపు అలాగే ఉంచుకుని వెళ్ళి, పక్కన స్టూలు మీద కూర్చుంది. తలెత్తి చూసేసరికి గుండె ఝల్లుమంది. కాళ్ళ కింద కనుచూపు మేర తెల్లటి మబ్బులు. వాటిని చీల్చుకుని నల్లటి కొండ శిఖరాలు. ఆయన నాబు కాస్త తిప్పితే ముల్లు కదిలింది, ఆకాశమంతా నెమ్మదిగా పక్కకు ఒరిగింది. గోడకు అవతల ఇంత ఆకాశం పెట్టుకుని, ఇన్నేళ్ళూ తను చొక్కాలకు గుండీలు కుట్టుకుంటూ కూర్చుంది!

రేడియోలో ఒక అమ్మాయి గొంతు పలికింది. విమానం ఉత్తదే గానీ మనిషి నిజం. ఎక్కడో తన ఇంట్లో కూర్చుని, ఈ ఆట ఆడే వాళ్ళందరికీ దారి చెబుతుంది. ఇక కింద విమానాశ్రయం టవరులో ఉన్నవాళ్ళతో మాట్లాడమని కొత్త రేడియో నంబరు ఇచ్చి, తన పని అయిపోయిందని సెలవు తీసుకుంది. ఆయన నాబు తిప్పుతుంటే భార్య అంకెలు చదివింది. నంబరు కుదిరింది. ఆయన టవరును పిలిచాడు. జవాబు లేదు. మళ్ళీ పిలిచాడు. అనుమతి లేకుండా దిగడం ఆయన పద్ధతి కాదు.

"పోనీలే, నాకు రాసిపెట్టి లేదు" అని చేతులు దించేశాడు.

"ఉండండి. మీరు తిప్పింది కుడివైపు నంబరు. ఎడమవైపు ఇంకా పాతదే ఉంది."

ఆయన నుదురు కొట్టుకున్నాడు. కుడివైపు సిద్ధం చేసిన నంబరును మధ్యలో ఉన్న బటను నొక్కి ఎడమకు మార్చాలి. అప్పుడే రేడియో అందులో పలుకుతుంది. అలవాటైన చెయ్యే కంగారులో మరిచిపోయింది. బటను ఆమే నొక్కింది. అంకెలు చటుక్కున చోట్లు మార్చుకున్నాయి. ఆయన మళ్ళీ పిలిచాడు.

"వినిపిస్తోంది కెప్టెన్, దిగండి" అంది ఓ మగగొంతు.

ఏ ముల్లు ఎక్కడుండాలో ఆయన ముందే ఆమెకు చెప్పి పెట్టాడు. మబ్బులోకి దిగారు. తెరలన్నీ తెల్లబడిపోయాయి. ఎత్తెంతో, వేగమెంతో, మధ్య గీతకు ముల్లు ఎటు తప్పిందో ఆమె ఊపిరి బిగబట్టి చెబుతూ పోయింది. "కొంచెం ఎడమకు... చాలు చాలు. ముక్కు కాస్త పైకి..." ఆయన చేతులు ఆమె మాట వెంటే కదిలాయి. ఉన్నట్టుండి మబ్బు విడిపోయింది. రెండు వరసల దీపాలు సరిగ్గా ఎదురుగా వెలిగాయి.

"అదుగో! వచ్చేసింది!" అని చిన్నపిల్లలా అరిచింది.

చక్రాలు నేలను తాకిన చప్పుడుకు ప్లైవుడ్డంతా అదిరింది. విమానం ఆగాక ఆయన వైపు తిరిగింది. ఆయన కళ్ళు మూసి ఉన్నాయి.

"ఎప్పట్నుంచి మూసుకున్నారు?"

"మబ్బులోకి దిగినప్పట్నుంచి. మసగ్గా చూసి తికమకపడే కన్నా నువ్వు చెప్పింది వినడమే నయమనిపించింది."

"ఇంత విమానాన్ని నా మాట మీద దించారా? పెళ్ళయినప్పట్నుంచీ ఇంట్లో నా మాట ఒక్కటి విన్న పాపాన పోయారా మీరు!"

తిడుతూనే టేపు కొసతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఆయన జేబులోంచి ఫోను తీసుకుంది.

"ఎవరికే?"

"రేపొచ్చే ఆయనకి. రానక్కర్లేదని చెప్పాలి."

చెప్పి, ఫోను పక్కన పెట్టి, స్టూలు ఇంకాస్త ముందుకు జరుపుకుంది.