గడప దొరికిందో లేదో

ఒక గొంతు. ఆడగొంతు. ఇసుకలోకి ఇంకే వానలా, మెత్తగా —

మొదట కోరుట్ల బస్సులో విన్నాను. లంగా బట్ట మూటలు సీటు కిందికి తోసి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. ఆ గొంతు నా ఫోన్‌లోంచి ఒక పుస్తకం కథ చెబుతోంది.

ఆ పుస్తకం నేను చదవలేదు. చదివే తీరిక నాకు ఏ రోజూ మిగల్లేదు.

వినడానికి తీరిక అక్కర్లేదు. చేతులు పనిలో ఉంటాయి, చెవి ఆమె దగ్గర ఉంటుంది. నేను కుదుర్చుకున్న బేరాల్లో ఇంత లాభం దేంట్లోనూ చూడలేదు.

సిరిసిల్లలో నా షెడ్డు. నిండా సాంచాలు. కరెంటు మగ్గాలను మేం అలాగే పిలుస్తాం. అవి ఆడుతుంటే పక్కమనిషి అరిచినా వినపడదు.

ఆ మోతలోనూ ఆ గొంతు కావాలనిపించింది.

సౌండ్ పెంచాను. సాంచాలే గెలిచాయి. ఇంకా పెంచాను... చివరిదాకా పెంచాను.

కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం, సాంచాలు నడిపే రాజమల్లు అడిగాడు.

"సేటూ, ఏం పాటలే గవి, పొద్దంత?"

"పాటలు గావు. పుస్తకం."

"పుస్తకం సదువుతరు గని ఇంటరానే? రేపు బువ్వ గూడ ఇంటవేమో!"

నవ్వాను. నా నవ్వు నాకే దూరంగా వినిపించింది.

తర్వాత గొంతు దూరమైంది. వాన దూరమైంది.

జగిత్యాల డాక్టరు పరీక్ష చేసి తల అడ్డంగా ఊపాడు. నా వినికిడిలో మోత తిన్నది కొంత. నేను తిన్నది మిగతాది. బయటికొచ్చాక నా భార్య లావణ్య చెవి దగ్గర అరిచింది.

"సాంచాల మోత సాలదని, చెవుల గూడ ఒక సాంచ బెట్టుకుంటివి గద!"

నేను విన్న ఆఖరి మాటల్లో అదొకటి.

సగంలో ఆగిన పుస్తకం ఒకటి ఉంది. ప్రాజెక్టు నీళ్లలో ఊరు మునిగిన ముసలమ్మ కథ. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయినప్పుడల్లా, బురదలో తన ఇంటి గడపను వెతుక్కుంటుంది. ఆ పుస్తకం ఇప్పుడెక్కడా దొరకదని ఆ గొంతే చెప్పింది. మిగతా కథ వచ్చే వారం అంది.

ఆ వారం నాకు రాలేదు.

ఈ ఉదయం లావణ్యను అడిగాను. నా బదులు నువ్వు విను. విని చెప్పు.

ఇయర్‌ఫోన్ పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంది.

సాంచాల మధ్య మేం చేతులతోనే మాట్లాడుకుంటాం. పోగు తెగిందంటే ఒక సైగ. కండెలో నూలు అయిపోయిందంటే ఒకటి. తిందాం రా అంటే ఒకటి. ఆ సైగల్లోనే లావణ్య పెరిగింది.

ముసలమ్మ — నడుం వంచి చూపింది. నీళ్లు — అరచేయి మెల్లగా జారింది. గడప...

చేతులు గాలిలో ఆగిపోయాయి. గడపకు మా దగ్గర సైగ లేదు.

"దొరికిందా?" అన్నాను.

ఆగమన్నట్టు చేయెత్తింది.

ఎత్తిన చేయి కాసేపటికి ఒళ్లోకి దిగింది. కళ్లు గోడ మీద నిలిచాయి. గోడ మీద ఏమీ లేదు. పెదవి వణికింది... తర్వాత చిన్న నవ్వు.

ఎదురుగానే ఉన్నాను. నన్ను మరిచిపోయింది.

పిలవలేదు.

ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి — ఏమీ చెప్పకుండా...