తల ఒక పెట్టెలో, తోక ఇంకో పెట్టెలో

గురువారం లోపల చేయవలసిన పనులు:

ఒకటి. నాలుగు లైట్లనూ టేపుతో కొలవాలి. పొడవు, వెడల్పు, ఎత్తు.

రెండు. పెట్టెలు కొనాలి. ఐజక్ సార్ చక్రాలున్నవే తెమ్మన్నారు.

మూడు. బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టాలి.

నాలుగు. స్టాండ్లను లైట్లతో కలిపి పెట్టకూడదు. ఎప్పటికీ పెట్టకూడదు.

ఐదు. అమ్మకు ఫోన్ చేయాలి. నాలుగో సంగతి చెప్పకూడదు.

రత్నాకర్ ఈ జాబితా రాసుకుని, నాలుగో దాని కింద రెండు గీతలు గీశాడు. వాళ్ళింట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాడు అతనే. అందుకని కాబోలు, ఏ పనైనా ముందు కాగితం మీద పెట్టి, పక్కన అంకె వేస్తే గానీ చేతికి తీసుకోడు. బీకాం చదివి కూడా ఉమ్ అల్ క్వైన్‌లో ప్లాస్టిక్ బకెట్ల ఫ్యాక్టరీలో రెండేళ్ళు మూతలు బిగించాడు. ఆ తర్వాత దుబాయి ఇంటర్నేషనల్ సిటీలో ఐజక్ గారి ఫోటో స్టూడియోలో అసిస్టెంటుగా చేరాడు. చేరి ఎనిమిది నెలలైంది. నల్ల చొక్కా వేసుకుని లైటు పట్టుకుంటే ఊళ్ళో వాళ్ళు ఫోటో చూసి, సినిమాల్లో చేస్తున్నాడా అని అడిగారు.

పోయిన నెల షార్జాలో ఒక పుట్టినరోజు వేడుకకు వెళ్తూ లైట్లనూ ఇనుప స్టాండ్లనూ ఒకే సంచిలో పెట్టాడు. దారిలో డ్రైవరు ఒక్కసారి బ్రేకు వేశాడు. దిగి చూసేసరికి రెండు లైట్ల ముందుండే గాజు గొట్టాలు కలకండ పలుకులయ్యాయి. ఐజక్ అరవలేదు. నరసాపురం మనిషి, నవ్వుతూనే చెప్పవలసింది చెప్తాడు.

“చూడు రత్నాకర్, నువ్వు మంచోడివే. కానీ గాజుకి నీ మంచితనం తెలీదు కదా. ఇంకోటి పగిలిందనుకో, ఖలాస్. నీ బకెట్లు నీ కోసం అక్కడ ఎదురుచూస్తా ఉంటాయి.”

గురువారం పని చిన్నది కాదు. అల్ ఐన్‌లో ఒక ఆస్పత్రిలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసిన కృపారాణి సిస్టర్ రిటైరై పాలకొల్లు వెళ్ళిపోతోంది. ఆమెను మధ్యలో కూర్చోబెట్టి, ముప్పై నాలుగు మంది నర్సులు ఖర్జూరం తోటలో, పొద్దు వాలే వేళ ఫోటో దిగాలని ముచ్చటపడ్డారు. వెనక సూర్యుడుంటే ముందు మొహాలు నల్లబడతాయి. అన్ని మొహాలు వెలగాలంటే నాలుగు లైట్లూ ఉండాలి. మూడు సరిపోవు.

పెట్టెల కోసం రత్నాకర్ దేరాలో షాహబాజ్ కొట్టుకు వెళ్ళాడు. షాహబాజ్ పెషావరు వాడు, తన సరుకు మీద తనే ఎక్కి కూర్చుని అమ్మే రకం. ముందు గుడ్డ సంచి చూపించాడు. రత్నాకర్ దాన్ని వేలితో నొక్కాడు, వేలు అవతలికి వచ్చినంత పనైంది. తర్వాత అల్యూమినియం అంచులున్న పెద్ద పెట్టె. నాలుగు లైట్లూ ఒక్కదాంట్లోనే పడతాయి, కింద నాలుగు చక్రాలు, పిల్లల సైకిలు కన్నా మెత్తగా నడుస్తోంది. చివరికి ఒక నల్లటి గట్టి ప్లాస్టిక్ పెట్టె తెచ్చి, మూత బిగించి, నీళ్ళ తొట్టిలో వేశాడు. అది బాతులా తేలింది.

“చూశావా భాయ్, ఒక్క చుక్క లోపలికి పోదు.”

“మా లైట్లకు ఈత నేర్పేది లేదు షాహబాజ్ భాయ్,” అన్నాడు రత్నాకర్ హిందీలో.

అని, జేబులోంచి కొక్కెం ఉన్న తూకం కాటా తీశాడు. సామాను తూచుకోవడానికి గల్ఫ్‌లో ప్రతి గదిలోనూ తలుపు వెనక వేలాడే కాటా అది. చక్రాల పెట్టెను తూచి, దానికి లైట్ల బరువు కలిపాడు. యాభై రెండు కిలోలు.

“ముప్పై దాటుతుంది,” అన్నాడు, తీర్పు చెప్పినట్టు.

“దాటితే ఏమైంది? ఏ ఫ్లైటు?”

“ఫ్లైటు కాదు. అల్ ఐన్. కారులో.”

“కారులో కిలోలు ఎవరడుగుతారు భాయ్?”

ముప్పై దాటిన పెట్టెను చూస్తే చాలు, ఎయిర్‌పోర్టు కౌంటరు వెనక నుంచి ఎవరో తల అడ్డంగా ఊపుతున్నట్టే ఉంటుంది రత్నాకర్‌కు. అందుకని నల్ల పెట్టెలు రెండు కొన్నాడు. ఒక్కోదాంట్లో రెండు లైట్లు, ఇరవై రెండు కిలోలు. సార్ మాట పోకుండా స్టాండ్ల కోసం మాత్రం చక్రాలున్న పొడవు పెట్టె తీసుకున్నాడు.

ఐజక్ మూడు పెట్టెల చుట్టూ ఒకసారి తిరిగాడు.

“లైట్లకి చక్రాల్లేవేంటయ్యా?”

“స్టాండ్లకున్నాయి సార్.”

“మరి లైట్లు నడిచొస్తాయా?”

“నేను మోస్తాను సార్. ముప్పై లోపలే ఉన్నాయి.”

“మనం వెళ్ళేది అల్ ఐన్‌కా, హైదరాబాదుకా?” అని ఐజక్ నవ్వాడు. నవ్వి, ఒక వేలు ఎత్తి చూపించాడు. ఒక్క గాజు. మాట పైకి అనలేదు గానీ రత్నాకర్‌కు బకెట్ల చప్పుడు వినిపించింది.

బుధవారం సాయంత్రం రత్నాకర్ ఒక పాత దోస్తు పికప్‌లో పెట్టెలు వేసుకుని ఉమ్ అల్ క్వైన్ వెళ్ళాడు. అక్కడ కూలీల క్యాంపులో వెంకట్రాములు ఉంటాడు. రత్నాకర్ ఊరివాడు, వరసకు కాక. ఇరవై రెండేళ్ళుగా ఇనుప చువ్వలు వంచడం ఆయన ఉద్యోగం. పేరు మాత్రం కార్టన్లు కట్టడంలో వచ్చింది. ఇంటికి పోయే వాడెవడైనా సరే, సామాను తెచ్చి ఆయన మంచం ముందు పోస్తాడు. ఆయన కట్టిన గాజు గిన్నెల సెట్టు ఆర్మూరులో బస్సు మీది నుంచి కింద పడిందట. విప్పి చూస్తే గిన్నెలకు కాదు, రోడ్డుకు దెబ్బ తగిలిందని క్యాంపులో చెప్పుకుంటారు.

రత్నాకర్ పెట్టె తెరిచి చూపించాడు. కొట్టువాడిచ్చిన స్పాంజిని కొలతలు వేసి తనే కోశాడు. లైట్లు అందులో పడుకున్నాయి.

“మూతెయ్,” అన్నాడు వెంకట్రాములు. “ఊపు. ఇను.”

ఊపితే లోపల కటకటమంది.

“ఇంటున్నవా? పండ్లు కొరుకుతున్నది.”

“కొలిచే కోసిన కాకా.”

“కొలిచినవ్, సరే. మీసమంత సందు పెట్టినవ్. సందుంటే లోపలి వస్తువు లేస్తది, కూసుంటది, పక్కోన్ని పలకరిస్తది. గాజుకు ముచ్చట్లు పనికిరావు బిడ్డా.”

వెంకట్రాములు మంచం కింద నుంచి జిప్పు కవరులో ఉన్న కొత్త దుప్పటి లాగాడు. మందంగా, డబుల్ మంచానికి సరిపోయేంత, నిండా ఒక పెద్ద పులి. కత్తెర తీసేసరికి రత్నాకర్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“అది బాలవ్వ చిన్నమ్మకు తీసుకున్నది గద కాకా.”

“అవ్. మీ చిన్నమ్మకు పులంటే భయం. నాకు నచ్చి కొన్న.”

“ఒద్దు కాకా.”

“నువ్వు మల్ల బకెట్ల కాడికొస్తే నా పక్కన ఇంకో మంచం ఎయ్యాలె. ఈడ జాగ లేదు. చెయ్యి తియ్.”

పులి రెండు ముక్కలైంది. తల ఒక పెట్టెలోకి, తోక ఇంకో పెట్టెలోకి పోయాయి. వెంకట్రాములు లైటు లైటుకూ మెడ దాకా దుప్పటి కప్పి, మూలల్లో కుక్కి, మూత వేసి ఊపించాడు. చప్పుడు లేదు. చెవి పెట్టి విన్నాడు. అప్పుడూ లేదు. ఆ తర్వాత లావుపాటి నూలు తాడు తీశాడు.

“క్లిప్పులున్నయ్ గద కాకా, తాడెందుకు?”

“క్లిప్పు కంపెనీది. తాడు నాది.”

నిలువుగా రెండు వరసలు, అడ్డంగా మూడు, ప్రతి కూడలికీ ఒక ముడి. “కొయ్యద్దు, ఇప్పాలె. కోసిన తాడు ఇంకోపారికి అందది,” అని చెప్పి, నల్ల పెట్టెలు రెండింటి మీదా ఆరు వైపులా తెల్ల రంగుతో వెంకట్రాములు, నిర్మల్ జిల్లా అని రాశాడు. మూడో తరగతిలో బడి మానేసిన మనిషి. తడుముకోకుండా రాయగలిగింది ఆ రెండు ముక్కలే. రత్నాకర్‌కు సిగ్గేసింది. అయినా తుడవడానికి చేతులు రాలేదు.

అల్ ఐన్‌లో కారు తోట గేటు దగ్గరే ఆగిపోయింది. అక్కడి నుంచి అంతా ఇసక. ఐజక్ ఉత్సాహంగా చక్రాల పెట్టె పట్టుకుని నాలుగడుగులు లాగాడు. ఐదో అడుగుకు చక్రాలు కనిపించలేదు. పెట్టె మొరాయించిన ఎద్దులా కూలబడింది. రత్నాకర్ నల్ల పెట్టెను భుజానికెత్తుకుని ఆయన పక్క నుంచే నడిచి వెళ్ళాడు. అంత పెద్ద చదువు చదివినవాడికి అప్పుడు మాట్లాడకూడదని తెలుసు.

రెండో పెట్టెతో వస్తున్నప్పుడు జరిగింది. చెట్లకు నీళ్ళు పారే కాలువ మీద పలక వేసి ఉంది. దాని మీద కాలు జారింది. పెట్టె భుజం దిగి, గట్టుకు కొట్టుకుని, కాలువలో పడింది. పడి, బాతులా తేలి, పేరు పైకి కనబడేలా తిరిగి, మెల్లగా బయల్దేరింది.

గట్టు మీద పట్టుచీరల్లో నిలబడిన నర్సులు అందరూ చూశారు. వాళ్ళలో చిన్నది ఫేబా, పెట్టె మీది పేరు చదివింది.

“వెంకట్రాములు ఎవరండీ? వెళ్ళిపోతున్నారు.”

రత్నాకర్ మోకాలి లోతు నీళ్ళలో పరుగెత్తి వెంకట్రాములును పట్టుకొచ్చాడు. పెట్టెను చెవికి ఆనించి ఊపాడు. చప్పుడు లేదు. దుప్పటి కదలనివ్వకా, లోపల అంతా పొడైపోయా? తెరిస్తే గానీ తెలీదు. తెరుద్దామంటే తడిసిన నూలు ఉబ్బింది, ముడులు గులకరాళ్ళయ్యాయి. గోరు దిగడం లేదు. మొదటి పెట్టె తాడు పొడిగా ఉండి ఇట్టే విడిపోయింది. ఆ రెండు లైట్లూ క్షేమం. పొద్దు ఖర్జూరపు ఆకుల్లోకి దిగుతోంది.

ఐజక్ డ్రైవరు దగ్గర కత్తి తెచ్చాడు. “తప్పుకో. కోసేద్దాం.”

“వద్దు సార్. మా కాక విప్పమన్నాడు.”

“మీ కాక వచ్చి ఫోటో తీస్తాడా? సూర్యుడు ఆగుతాడా మీ కాక కోసం?”

కుర్చీలో కూర్చోబెట్టిన కృపారాణి లేచి వచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి చెక్కుకుని, పెట్టె ముందు కూర్చుంది.

“కత్తి లోపల పెట్టండి బాబూ. కొయ్యడం డాక్టర్ల పని. విప్పడం మా పని,” అని కొప్పులోంచి పిన్ను తీసింది. “ఎన్ని ముడులేశాడమ్మా ఈ మహానుభావుడు. కడుపు ఆపరేషన్‌కి కూడా ఇన్ని కుట్లు పడవు.”

“కృపక్కా, కుట్లిప్పాక డిశ్చార్జి కాగితం ఇవ్వాలా?” అంది ఫేబా.

“ముందు రోగి బతికున్నాడో లేదో చూడనీ.”

పిన్ను ముడి గుండెలోకి పోయింది, ఇటు ఒక నెట్టు, అటు ఒక లాగు. ఒక్కో ముడి నోరు తెరిచింది. తాడు తెగకుండా రత్నాకర్ చేతిలో చుట్ట పడింది. మూత లేపితే పులి తల బయటికి చూసింది. ముందు వరసలో ఇద్దరు వెనక్కి గెంతారు. దుప్పటి పొడిగా ఉంది. దాని కింద రెండు లైట్లూ, రెండు గాజులూ, నిద్రపోతున్న చంటిపిల్లల్లా ఉన్నాయి.

నాలుగు లైట్లూ ఒక్కసారి వెలిగాయి. ముప్పై ఐదు మొహాలూ అప్పటికే నవ్వుతున్నాయి, ఐజక్ నవ్వమని చెప్పే పని పడలేదు. ఆ ఫోటోలో ఒక మూల పులి చెవి కూడా పడింది. తీసేస్తానంటే కృపారాణి ఒప్పుకోలేదు.

తిరుగు దారిలో ఐజక్ అడిగాడు.

“మీ కాక దుప్పటి కోసుకున్నాడా మన కోసం?”

“అవును సార్. చిన్నమ్మ కోసం కొన్నది.”

“కొత్తది నేనిస్తాను. నీ లిస్టులో రాసుకో.”

రత్నాకర్ కాగితం తీసి రాశాడు. ఒకటి. దుప్పటి, డబుల్. పువ్వులది. పులి వద్దు.

బకెట్ల మాట ఐజక్ మళ్ళీ ఎత్తలేదు. పెట్టెల మీది పేరూ తుడిపించలేదు. ఇప్పుడు అల్ ఐన్ నుంచి ఫోన్ చేసేవాళ్ళు కొందరు, వెంకట్రాములు గారి స్టూడియోయేనా అని అడుగుతారు. అవునండీ, చెప్పండి అంటాడు ఐజక్.

చదివినవారికి చిన్న మనవి. ఎప్పుడైనా తడిసి బిగుసుకున్న ముడి మీ చేతికి తగిలితే, కట్టినవాణ్ణి తిట్టుకోకండి, కత్తి కోసం చూడకండి. నిర్మల్ జిల్లా వెంకట్రాములును ఒక్కసారి తలుచుకుని, నిదానంగా విప్పండి.